బరువైన లెన్సుకు ఏ ట్రైపాడ్? మిర్యాలగూడ పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీయడం నా వృత్తి. తీరిక దొరికితే పక్షులను, పాత గుళ్లను తీయడం నాకు ఇష్టం. ఈ మధ్య నికాన్ డి850 బాడీ, 200-500 మి.మీ. లెన్స్ కొన్నాను. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద, పెళ్లి వీడియోలకు వాడే నా పాత అల్యూమినియం స్టాండు పైన వీటిని పెట్టి తీస్తే ఫొటోలు వణికినట్టు వస్తున్నాయి. బాల్ హెడ్‌ను ఎంత బిగించినా లెన్స్ మెల్లగా ముందుకు వాలుతోంది. 25 కిలోలు మోసే స్టాండు ఉంది, అది తీసుకుంటే చాలని దుకాణదారు అంటున్నారు. ఆ అంకెను నమ్మవచ్చా? కార్బన్ తీసుకోవాలా, అల్యూమినియం సరిపోతుందా? ఏ హెడ్ కొనాలి? నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఎక్కువగా బైకు మీదే తిరుగుతాను. పాత స్టాండును అమ్మేయమంటారా?

సమాధానం: ముందుగా ఆ 25 కిలోల సంగతి చెబుతాను, ఎందుకంటే ట్రైపాడ్ కొనేవారిని ఎక్కువగా పక్కదారి పట్టించేది ఆ అంకే. పెట్టె మీద రాసే మోత సామర్థ్యాన్ని కొలవడానికి కంపెనీలన్నీ పాటించే ఉమ్మడి పద్ధతి అంటూ ఏదీ లేదు. కాళ్లు జారకుండా, లాకులు వదలకుండా నిలువునా ఎంత బరువు ఆగుతుందో చూసి ఒకరు రాస్తారు. అందులో సగమో మూడో వంతో మాత్రమే జాగ్రత్త కోసం రాసేవారు మరికొందరు. అందువల్ల ఒక కంపెనీ 9 కిలోలని రాసిన స్టాండు, ఇంకొక కంపెనీ 20 కిలోలని రాసిన దానికన్నా గట్టిగా ఉండవచ్చు. పైగా ఆ అంకె స్టాండు కూలుతుందా నిలుస్తుందా అన్నది మాత్రమే చెబుతుంది, కదలకుండా ఉంటుందా అన్నది చెప్పదు. మీ పాత స్టాండు కూడా ఆ బరువును మోసింది కదా! అది కూలిపోలేదు, వణికింది. మీరు డబ్బు పెట్టవలసింది మోతకు కాదు, వణకనితనానికి.

మీ సామాను బరువు ఎంతో చూద్దాం. డి850 బ్యాటరీతో కలిపి సుమారు 1,005 గ్రాములు, 200-500 లెన్స్ దాని కాలర్‌తో (లెన్సును స్టాండుకు బిగించే కాలు ఉన్న పట్టీ) కలిపి సుమారు 2,300 గ్రాములు. ప్లేట్లు, రిమోట్ వంటివి కలుపుకుంటే మూడున్నర కిలోలు. దానికింద ఒక గట్టి హెడ్ మరో కిలో, కిలోన్నర ఉంటుంది కాబట్టి కాళ్ల మీద పడే బరువు ఇంచుమించు 5 కిలోలు. పెట్టె మీది అంకె ఈ బరువుకు మూడింతలైనా, అంటే 15 కిలోలైనా ఉండాలన్నది ఫొటోగ్రాఫర్లు పాటించే మోటు లెక్క. ఆ లెక్కను తొలి వడపోతకు మాత్రమే వాడండి. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది.

మీ ఫొటోలు ఎందుకు వణుకుతున్నాయో అంకెల్లో చూస్తే విషయం తేటపడుతుంది. 50 మి.మీ. లెన్స్ మీ కెమెరాలో అడ్డంగా సుమారు 40 డిగ్రీల మేర చూస్తుంది. 500 మి.మీ. దగ్గర ఆ వెడల్పు కేవలం 4 డిగ్రీలు. అంటే పెళ్లి మండపంలో ఎవరూ గమనించని కదలిక కట్ట మీద పది రెట్లు పెద్దదై కనిపిస్తుంది. దానికి తోడు డి850 సెన్సార్ 45.7 మెగాపిక్సెళ్లది, అడ్డంగా 8,256 పిక్సెళ్లు ఉన్నది. 500 మి.మీ. దగ్గర కెమెరా ఒక డిగ్రీలో వెయ్యో వంతు తిరిగినా బొమ్మ దాదాపు రెండు పిక్సెళ్ల మేర జరిగిపోతుంది. ఇంత చిన్న కదలికను కన్ను పట్టలేదు, చెయ్యి పట్టలేదు. షట్టర్ నొక్కిన వేలి ఒత్తిడి, కెమెరా లోపలి అద్దం లేచిన అదురు, కట్ట మీది గాలి, వీటిలో ఏ ఒక్కటైనా దానికి చాలు.

ఇక కాళ్లు. అన్నిటికన్నా ముందు చూడవలసింది పై గొట్టం మందం, అంటే దాని వ్యాసం. గోడ మందం సమానంగా ఉన్నప్పుడు గొట్టం వంగకుండా నిలిచే బలం దాని వ్యాసపు ఘనంతో పాటు పెరుగుతుంది, 28 మి.మీ. గొట్టం కన్నా 32 మి.మీ. గొట్టం చూడటానికి కాస్తే లావు, బిగువులో మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు. మీ లెన్సుకు పై గొట్టం 32 మి.మీ.కు తగ్గకూడదని నా దృఢమైన అభిప్రాయం. రేపు మీరు 600 మి.మీ. ఎఫ్/4 వంటి పెద్ద లెన్సుకు వెళ్లే ఆలోచన ఉంటే 36 మి.మీ. పైబడినవి చూడండి. పై గొట్టం ఎంత లావున్నా, దాని లోపల నుంచి వచ్చే చివరి గొట్టం వేలంత సన్నగా ఉంటే ప్రయోజనం తగ్గుతుంది. అందుకే మూడు గొట్టాల కాళ్లను నాలుగు గొట్టాల వాటికన్నా ముందుగా ఎంచుకోమంటాను. అతుకులు తక్కువ, అడుగు గొట్టం లావు, తెరవడం మూయడం కూడా త్వరగా అవుతుంది. మూడు గొట్టాల స్టాండు మూసినప్పుడు 60 సెంటీమీటర్ల పైచిలుకు పొడవుంటుంది కాబట్టి బైకు మీద కొంత ఇబ్బందే. వీపు సంచికి నిలువుగా కట్టుకునే వీలుంటే అదే తీసుకోండి, లేదంటే నాలుగు గొట్టాలది తీసుకుని, వీలైనప్పుడల్లా చివరి గొట్టాన్ని బయటకు లాగకుండా వాడండి.

సెంటర్ కాలమ్, అంటే కాళ్ల నడుమ నుంచి పైకి లేపే కడ్డీ గురించి గట్టిగానే చెప్పాలి. మీ పాత స్టాండు వణకడానికి సగం కారణం అదే అయి ఉంటుందని నా అనుమానం. మూడు కాళ్లు కలిసి ఇచ్చే బలమంతా పైన ఆ ఒక్క కడ్డీ మొదట్లోనే ఆగిపోతుంది; దాన్ని లేపిన కొద్దీ మీ మూడున్నర కిలోలు ఒంటికాలి మీద నిలబడినట్టే. అందువల్ల కాలమ్ లేకుండా, పైన చదునైన పళ్లెం మాత్రమే ఉండే రకాన్ని వెతకండి. గిట్జో కంపెనీ సిస్టమాటిక్ పేరుతో చేసేవి ఈ రకానివే. ఇప్పుడు మరికొన్ని కంపెనీలు కూడా, అంతకన్నా తక్కువ ధరకు, ఇదే పద్ధతిలో చేస్తున్నాయి.

కాలమ్ లేదంటే ఎత్తు కాళ్లతోనే రావాలి. మీ ఎత్తు 173 సెంటీమీటర్లు అనుకుంటే కళ్లు 161 దగ్గర ఉంటాయి. గింబల్ హెడ్ (బరువైన లెన్సును ఊయలలా మోసే హెడ్, దాని సంగతి తరువాత చెబుతాను), దానిపైన కెమెరా కలిసి వ్యూఫైండర్‌ను 20 నుంచి 25 సెంటీమీటర్లు పైకి లేపుతాయి. కాబట్టి చదును నేల మీద 135 నుంచి 140 సెంటీమీటర్ల కాళ్లు చాలు. కానీ మీరు నిలబడేది చెరువు కట్టల మీద. ఒక కాలు కట్ట పైన, రెండు కాళ్లు వాలు రాళ్ల మీద పెట్టవలసి వచ్చినప్పుడు కింది కాళ్లకు అదనపు పొడవు కావాలి. లేదంటే మీరు ఉదయమంతా నడుం వంచి చూడవలసి వస్తుంది. కాలమ్ లేకుండా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేది తీసుకుంటే ఉదయసముద్రం కట్ట మీదా, దేవరకొండ కోట మెట్ల మీదా ఇబ్బంది ఉండదు.

కార్బనా, అల్యూమినియమా అన్నదానికి నా సమాధానం, డబ్బు సరిపోతే కార్బన్. బరువు తగ్గుతుందన్నది అందరూ చెప్పేదే. అంతకన్నా మీకు పనికొచ్చే గుణం, తగిలిన అదురును కార్బన్ గొట్టం త్వరగా అణచుకుంటుంది. మన నల్లగొండ ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో గంటసేపు ఎండలో నిలబెట్టిన అల్యూమినియం కాలును ఉత్త చేతితో పట్టుకోలేరు, కార్బన్‌తో ఆ బాధ చాలా తక్కువ. అయితే కార్బన్ దెబ్బకు ఓర్చుకోదు. అల్యూమినియం సొట్టపడి ఊరుకుంటుంది, కార్బన్‌కు రాయి అంచు గట్టిగా తగిలితే పగులు వస్తుంది. పగిలిన గొట్టాన్ని మార్చవలసిందే. బైకు మీద దాన్ని మెత్తని సంచిలో కట్టుకుని వెళ్లండి. డబ్బు సరిపోకపోతే సన్నటి కార్బన్ జోలికి మాత్రం పోవద్దు. అదే ధరకు లావాటి అల్యూమినియం దొరుకుతుంది, అది కిలో బరువెక్కువైనా మీ లెన్సును బాగా నిలబెడుతుంది. కర్ర కూడా కంపనాన్ని బాగా మింగే పదార్థమే. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ కాలంలో గాజు పలకల మీద తీసే బరువైన కెమెరాలు కర్ర స్టాండ్ల మీదే నిలిచేవి, జర్మనీలో బెర్లెబాక్ కంపెనీ నేటికీ కర్రతో ట్రైపాడ్లు చేస్తోంది. బైకు ప్రయాణానికి అవి అనువు కాదు.

లెన్స్ ముందుకు వాలిపోవడం గురించి మీరు రాసింది హెడ్‌కు సంబంధించిన సమస్య, కాళ్లది కాదు. బాల్ హెడ్‌లో బరువంతా గుండుకు పైన ఉంటుంది. గుండు వదులు చేయగానే ఆ బరువు ఎటో ఒకవైపు పడిపోవాలని చూస్తుంది, బిగిస్తే రాపిడి బలం మీద మాత్రమే ఆగుతుంది. గుండు చిన్నదైతే, నూనె మరకలు పడితే, మెల్లగా జారుతుంది. పెద్ద గుండు ఉన్న ఖరీదైన బాల్ హెడ్ మీ లెన్సును జారకుండా ఆపగలదు, కానీ ఎగిరే కొంగ వెంట లెన్సును తిప్పడానికి దాన్ని వదులు చేసిన ప్రతిసారీ మూడున్నర కిలోలు మీ చేతి మీద పడతాయి, ఏమరుపాటులో పక్కకు ఒరిగితే స్టాండుతో సహా నీళ్లలోకి పోతాయి. గింబల్ హెడ్ ఈ చిక్కును మొదట్లోనే తీసేస్తుంది. అందులో లెన్స్ ఊయలలో కూర్చున్నట్టు ఉండి, దాని గురుత్వ కేంద్రం సరిగ్గా తిరిగే ఇరుసు గీత మీదకే వస్తుంది. సరిగా తూకం కుదిరితే లెన్సును ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది, రెండు వేళ్లతో ఎటైనా తిరుగుతుంది. పక్షుల కోసం మీరు కొనవలసింది ఇదే.

తూకం కుదరడం గురించి ఒక మాట. మీ లెన్స్ జూమ్ చేసిన కొద్దీ ముందుకు సాగుతుంది, దానితో బరువు కూడా ముందుకు జరుగుతుంది. మీరు పక్షులకు ఎక్కువగా 500 దగ్గరే వాడతారు కాబట్టి, 500 దగ్గర పెట్టి, లెన్స్ హుడ్ తగిలించి, అప్పుడు తూకం చూసుకోండి. అలా ముందుకూ వెనక్కూ జరపాలంటే లెన్స్ కాలుకు పొడవైన ఆర్కా-స్విస్ రకం ప్లేటు (హెడ్ బిగింపులో ముందుకూ వెనక్కూ జరిపి బిగించుకునే పట్టె) కావాలి. ఆ ప్లేటును లెన్స్ కాలికి ఒకే స్క్రూతో బిగిస్తే బరువుకు అది మెల్లగా తిరిగిపోతుంది. కాలికి రెండు రంధ్రాలుంటే రెండు స్క్రూలు వేయండి, ఒక్కటే ఉంటే పక్కకు తిరగకుండా ఆపే గట్టు ఉన్న ప్లేటు తీసుకోండి. ప్లేటు రెండు చివరలా ఉండే చిన్న ఆపుడు స్క్రూలను తీసివేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. బిగింపు వదులైన నాడు లక్షల రూపాయల సామానును పట్టుకుని ఉంచేవి అవే. బరువును ఎప్పుడూ లెన్స్ కాలు మీదే మోపండి, కెమెరా బాడీని స్టాండుకు బిగించి ఇంత లెన్సును గాలిలో వేలాడదీస్తే కెమెరా మౌంట్ మీద భారం పడుతుంది.

గుళ్ల కోసం మాత్రం గింబల్ పనికిరాదు, అందులో కెమెరాను ఒక కోణంలో నిలిపి ఫ్రేమును అంగుళం అంగుళం సరిచేసుకోవడం కష్టం. అయితే ఆ పనికి వెంటనే కొత్త హెడ్ కొననవసరం లేదు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద రోజంతా నిలిచే నీడను తీయడానికి మీరు వాడేది చిన్న వైడ్ లెన్స్, దాని బరువును మీ పాత బాల్ హెడ్ జారకుండా ఆపగలదు. హెడ్ అడుగున ఉండే మరను కొలిపించి చూడండి. పెద్ద ట్రైపాడ్ల పళ్లెం మీద 3/8 అంగుళాల స్క్రూ ఉంటుంది, చిన్న హెడ్లకు 1/4 అంగుళం మర ఉంటుంది, రెంటినీ కలిపే బుష్ చవకగానే దొరుకుతుంది. లోపలి మసక వెలుతురులో నాలుగైదు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వవలసి వస్తుంది కాబట్టి అక్కడ కాళ్ల బిగువు అసలు విలువ తెలుస్తుంది. నిజానికి పక్షులకు సెకనులో వెయ్యో వంతు షట్టర్ వాడినప్పుడు ట్రైపాడ్ చేసే మొదటి మేలు మీ చేతులకు విశ్రాంతి ఇవ్వడం. వణుకును అది ఎంత ఆపిందన్నది గుడిలోనే బయటపడుతుంది. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడటానికి ముందస్తు అనుమతి అడగడం రివాజు, అందుకని పురావస్తు శాఖవారిని ముందే సంప్రదించండి.

పెళ్లి వీడియోకు కావలసింది కెమెరాను కుదుపు లేకుండా నున్నగా తిప్పే ఫ్లూయిడ్ హెడ్, అది వేరే కొనుగోలు. ఒక్క హెడ్‌తో రెండు పనులూ చేయాలనుకుంటే రెండూ అరకొరగానే సాగుతాయి.

కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో చూసి తెప్పించుకోవద్దని కోరుతున్నాను. మీ కెమెరా, మీ లెన్సు పట్టుకుని హైదరాబాద్ కోఠి దుకాణాలకు వెళ్లండి. స్టాండును కాలమ్ లేకుండా పూర్తి ఎత్తుకు తెరిపించి, పైన మీ సామాను బిగించి, 500 దగ్గర పెట్టి, దూరంగా ఉన్న ఒక బోర్డు మీది అక్షరాలకు ఫోకస్ చేయండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద, బొమ్మను పూర్తిగా పెద్దది చేసి, లెన్స్ చివరను వేలితో మెల్లగా తట్టండి. అక్షరాలు ఊగి ఎంతసేపటికి నిలుస్తాయో చూడండి. ఒక సెకను లోపే నిలిస్తే మంచి స్టాండు, రెండు మూడు సెకన్లు ఊగుతూ ఉంటే పెట్టె మీద ఎన్ని కిలోలు రాసి ఉన్నా అది మీకు తగినది కాదు. తరువాత పై పళ్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, మూత తిప్పినట్టు అటూ ఇటూ మెలిపెట్టండి. కాళ్లు భుజం దగ్గర ఆడుతున్నాయా, లాకుల దగ్గర ఆడుతున్నాయా తెలిసిపోతుంది. నిలువునా నొక్కి చూపించే దుకాణదారులే ఎక్కువ, కానీ నాసిరకం స్టాండు కూడా నిలువు బరువుకు ఆగుతుంది, మెలికకు ఆగదు.

కొన్న తరువాత నిలబెట్టే తీరు కూడా సగం పని చేస్తుంది. ఒక కాలును లెన్స్ చూసే దిక్కుకు పెట్టి, మిగిలిన రెండు కాళ్ల మధ్య మీరు నిలబడండి. గుడి బండల మీద రబ్బరు పాదాలు చాలు. మన చెల్క నేలల్లో ఇనుప మొనలు దిగి పట్టు ఇస్తాయి. వాన పడిన రేగడిలో మాత్రం మొనలు కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటాయి, కాబట్టి ఒక్కో కాలు కింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఏటి ఒడ్డు ఇసుకలో కాళ్లను చేతితో నొక్కి, ఇక దిగదు అనిపించాకే కెమెరా బిగించండి. గాలి ఉంటే ఎత్తు తగ్గించండి, మెడ పట్టీని తీసేయండి, అది గాలికి కొట్టుకుని కెమెరాను ఊపుతుంది. స్టాండు కింది కొక్కేనికి సంచి వేలాడదీస్తే సంచి నేలకు ఆనేలా చూడండి, గాలిలో ఊగే సంచి మేలుకన్నా కీడే చేస్తుంది. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు కింది వంతెన మీద నిలబడి తీయాలని అందరికీ ఉంటుంది. బస్సు వెళ్లినప్పుడల్లా వంతెనే అదురుతుంటే ఏ ట్రైపాడూ ఆదుకోలేదు, గట్టు మీది రాతి నేలకు మారండి. షట్టర్‌ను రిమోట్‌తో నొక్కండి. అద్దాన్ని ముందే లేపే పద్ధతి, షట్టర్ తెర కదలకుండానే ఎక్స్‌పోజర్ మొదలయ్యే ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్ రెండూ మీ డి850లో ఉన్నాయి. సెకనులో 60వ వంతు నుంచి అర సెకను వరకు ఉండే షట్టర్ వేగాల్లో అద్దపు అదురు బాగా కనిపిస్తుంది కాబట్టి అప్పుడు వాటిని తప్పక వాడండి. గింబల్‌ను వదులుగా ఉంచి పక్షి వెంట తిప్పేటప్పుడు లెన్సులోని వీఆర్ (వణుకును తగ్గించే ఏర్పాటు) వేసే ఉంచండి, అంతా బిగించి నిశ్చల దృశ్యం తీసేటప్పుడు వేసి ఒకటి, ఆపి ఒకటి తీసి ఏది పదునుగా ఉందో చూసుకోండి.

అమ్రాబాద్ అడవికి సఫారీకి వెళ్లేటట్టయితే ఈ స్టాండు ఇంట్లోనే ఉండనివ్వండి. జీపులో దాన్ని తెరిచే చోటు ఉండదు, దిగి నిలబెట్టే వీలూ ఉండదు. మందపాటి గుడ్డతో రెండు అరల సంచి కుట్టించి, జొన్నలు గానీ బియ్యం గానీ నింపి, జీపు అంచు మీద వేసి దానిపైన లెన్స్ ఆనించండి. ఇంజను ఆపించారంటే దానికి మించిన ఆధారం అక్కడ లేదు.

డబ్బును ఎలా పంచాలన్నది చివరి మాట. కాళ్లకు, గింబల్‌కు కలిపి మీరు అనుకున్న మొత్తంలో మూడింట రెండు వంతులు కాళ్లకే పెట్టండి. గింబల్‌ను తరువాత మార్చుకోవచ్చు, మంచి కాళ్లు మాత్రం కెమెరాలు రెండు మూడు మారినా మీతోనే ఉంటాయి. పాత స్టాండును అమ్మవద్దు. దానికి వచ్చే ధర తక్కువ, పెళ్లి మండపంలో దానికి పని ఎక్కువ. లైటు పెట్టుకోవడానికి, మైకు కట్టుకోవడానికి, మండపం మొత్తం కనిపించేలా రెండో కెమెరాను వైడ్ లెన్సుతో నిలిపి ఉంచడానికి అది ఇంకా చాలా ఏళ్లు పనికివస్తుంది. దాని కాలమ్ దగ్గరి బిగింపు స్క్రూను మాత్రం ఒకసారి మార్పించండి.